చెట్లు కోసే రంపం సీజ్ అయిందా? ‘వారంటీ రాదు’ అనే మాట నమ్మే ముందు పిస్టన్ ఏం చెప్తోందో చూడండి

హైదరాబాద్: ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఒక్క గాలివాన వచ్చిందంటే చాలు, అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీల్లో ఎక్కడో ఒకచోట చెట్టు కూలుతుంది. మెయిన్ రోడ్డు మీద పడితే జీహెచ్ఎంసీ, హైడ్రా సిబ్బంది వచ్చి కోసి పక్కకు లాగుతారు. అదే అపార్ట్‌మెంట్ కాంపౌండ్‌లోనో, పాత ఇంటి పెరట్లోనో పడితే సొంతంగా చైన్‌సా పెట్టుకుని కూలికి చెట్లు కొట్టేవాళ్లే దిక్కు. అలాంటి మనిషికి రంపం ఆగిందంటే ఆ రోజు కూలి ఆగినట్టే.

ఆ రంపం కొని ఆరు నెలలు కూడా కాకముందే, నిద్రగన్నేరు మొద్దు మధ్యలో ఉండగా టక్కున ఆగిపోయిందనుకుందాం. తాడు లాగితే రాదు. మన మెకానిక్‌ల భాషలో చెప్పాలంటే ‘ఇంజిన్ బైఠ్ గయా’. బిల్లు, వారంటీ కార్డు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్తే రెండు రోజుల తర్వాత ఫోన్ వస్తుంది: ‘పెట్రోల్‌లో ఆయిల్ సరిగా కలపలేదు, వారంటీ రాదు, పిస్టన్, సిలిండర్ మార్చాలి.’

ఆ మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. చాలా సందర్భాల్లో నిజంగానే వాడేవాళ్ల పొరపాటే ఉంటుంది. కానీ కొన్నిసార్లు తప్పు మెషిన్‌దే అయినా బిల్లు మాత్రం కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది. ఈ రెండింటికీ తేడా చెప్పే సాక్ష్యం ఇంజిన్‌లోనే ఉంటుంది. దాన్ని ఎలా చూడాలో, ఏం అడగాలో తెలియక చాలామంది తలూపి డబ్బు కట్టేస్తారు.

ముందు ఇంజిన్ నిజంగా పోయిందా?

స్టార్ట్ కాని ప్రతి రంపమూ సీజ్ అయినట్టు కాదు. విప్పకుండానే బయటి నుంచి చూడగలిగినవి కొన్ని ఉన్నాయి.

చోక్ వేసి పదిసార్లు లాగితే ఇంజిన్ పెట్రోల్ తాగేస్తుంది. ప్లగ్ తీస్తే తడిగా, పెట్రోల్ వాసనతో ఉంటుంది. ప్లగ్ తుడిచి, చోక్ తీసేసి, ప్లగ్ లేకుండా నాలుగైదుసార్లు తాడు లాగి, కాసేపు ఆరనిచ్చి మళ్లీ బిగిస్తే చాలావరకు స్టార్ట్ అవుతుంది. ఇది డ్యామేజీ కాదు.

స్టార్ట్ అయి ఐదు నిమిషాలకు ఆగిపోతుంటే ట్యాంకులోని పెట్రోల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, లేదా ట్యాంకుకు గాలి ఆడే రంధ్రం పూడి ఉండొచ్చు. ట్యాంకు మూత ఒకసారి వదులు చేసి బిగించగానే మళ్లీ నడిస్తే అనుమానం గాలి రంధ్రం మీదే. స్టార్ట్ అవుతుంది కానీ బలం లేదంటే సైలెన్సర్‌లోని జాలీకి మసి పట్టిందేమో చూడాలి. చైన్ కదలడం లేదంటే చైన్ బ్రేక్ పడి ఉందేమో చూడాలి. వినడానికి చిన్న విషయమే అయినా బ్రేక్ పడిన రంపాన్ని సీజ్ అయిందని మోసుకొచ్చేవాళ్లూ ఉంటారు.

ఇవేవీ కాకపోతే తాడు చెప్పేది వినాలి. తాడు అసలు కదలకపోతే లోపల పిస్టన్ పట్టేసినట్టు. మరీ తేలిగ్గా, చేతికి ఏ అడ్డూ తగలకుండా వస్తుంటే కంప్రెషన్ పోయినట్టు. మెకానిక్‌లు చేసే సులువైన పరీక్ష ఒకటుంది. స్విచ్ ఆఫ్‌లో పెట్టి, చైన్‌కు కవర్ తొడిగి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని గాల్లో వేలాడదీస్తారు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఆగి ఆగి కిందికి దిగుతుంది. అరిగిపోయిన ఇంజిన్ సర్రున జారిపోతుంది. కంప్రెషన్‌ను తగ్గించే బటన్ ఉన్న మోడళ్లలో ఆ బటన్ నొక్కి లేకుండా చూసుకోవాలి.

కచ్చితమైన లెక్క కావాలంటే కంప్రెషన్ గేజ్ పెట్టించాలి. బాగున్న చైన్‌సా ఇంజిన్ సాధారణంగా 120 నుంచి 150 పీఎస్‌ఐ వరకు, కొన్ని మోడళ్లలో అంతకంటే ఎక్కువ చూపిస్తుంది. 100 కంటే కిందికి దిగిందంటే లోపల అరుగుదలో, గీతలో ఉన్నట్టే అనుకోవాలి.

20 మిల్లీలీటర్ల మీద నడిచే ఇంజిన్

చైన్‌సాలో ఉండేది టూ-స్ట్రోక్ ఇంజిన్. కారులో, బైకులో ఉన్నట్టు దీనికి వేరే ఇంజిన్ ఆయిల్ సంపు ఉండదు. పెట్రోల్‌లో కలిపిన ఆయిలే లోపలికి వెళ్లి పిస్టన్‌నూ బేరింగ్‌లనూ తడుపుతుంది. పాత టూ-స్ట్రోక్ ఆటోలు, బజాజ్ చేతక్ స్కూటర్లు, యమహా ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. తేడా అల్లా స్పీడ్‌లోనే. చైన్‌సా ఇంజిన్ నిమిషానికి 10 వేల నుంచి 14 వేల సార్లు తిరుగుతుంది. అంత వేగంలో ఆయిల్ అందకపోతే ఇంజిన్ పాడవడానికి ఎక్కువసేపు పట్టదు.

చాలా బ్రాండెడ్ రంపాలకు 50:1 పాళ్లు చెప్తారు. అంటే లీటర్ పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు, ఐదు లీటర్లకు 100 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్. తక్కువ ధరకు దొరికే చాలా మోడళ్లకు 25:1 అని ఉంటుంది. అంటే లీటర్‌కు 40 మిల్లీలీటర్లు. ఏది కరెక్ట్ అన్నది మెషిన్ మాన్యువల్ చెప్పాలి, పక్క దుకాణం కాదు. చైన్ మీద పడే ఆయిల్ ట్యాంకు వేరు, పెట్రోల్ ట్యాంకు వేరు. ఒకదాంట్లో పోయాల్సింది ఇంకోదాంట్లో పోసి ఇంజిన్ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. కారు ఇంజిన్ ఆయిల్, పడవ ఇంజిన్ల ఆయిల్ కూడా దీనికి పనికిరావు.

పిస్టన్‌కు ఏ వైపు గీతలు పడ్డాయి?

అసలు విషయం ఇక్కడే ఉంది. సైలెన్సర్ స్క్రూలు విప్పితే సిలిండర్‌లో పొగ బయటికి వచ్చే రంధ్రం కనిపిస్తుంది. టార్చ్ వేసి, తాడు మెల్లగా లాగుతూ చూస్తే అందులోంచి పిస్టన్ గోడ కనిపిస్తుంది. అవతలి వైపు నుంచి కార్బురేటర్ తీస్తే చాలా మోడళ్లలో రెండో పక్కా కనిపిస్తుంది. బాగున్న పిస్టన్ నునుపుగా ఉంటుంది, తయారీలో పడిన సన్నని అడ్డ గీతలు అలాగే ఉంటాయి. దెబ్బతిన్న పిస్టన్ మీద నిలువు గీతలు ఉంటాయి. అవి ఏ పక్కన ఉన్నాయనేదే కారణం చెప్తుంది.

చుట్టూ అన్ని వైపులా గీతలు పడి, లోపల ఎక్కడా ఆయిల్ జిడ్డు లేకుండా పొడిగా ఉంటే ఆయిల్ కలపకుండా పెట్రోల్ పోసి నడిపారని అర్థం. ఇది వాడకంలో జరిగిన తప్పు, దీనికి వారంటీ అడగడం కష్టం.

కార్బురేటర్ వైపు పిస్టన్ పాలిష్ పోయి మసకబారి, సన్నగా గీసుకుపోయి, రింగులు పలచబడి ఉంటే కారణం దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగా కూర్చోకపోయినా రంపపు పొట్టు లోపలికి వెళ్లి ఇసుక కాగితంలా గీస్తుంది. దీన్ని కూడా నిర్వహణ లోపం కిందే లెక్కేస్తారు. అయితే ఫిల్టర్ కొత్తగా, శుభ్రంగా ఉండి దాని కవర్ కూర్చునే చోటే వంకర ఉంటే ప్రశ్న అడగాల్సిందే.

ఒకే చోట లోతైన గాడి పడితే లోపల ఏదో లోహపు ముక్క తిరిగినట్టు. అది పగిలిన బేరింగ్ ముక్క కావచ్చు, పిస్టన్ పిన్నును పట్టి ఉంచే క్లిప్ ఊడి ఉండొచ్చు. కొత్త మెషిన్‌లో ఇలా జరిగిందంటే తయారీ లోపమని గట్టిగా అడగడానికి ఆధారం ఉంది. ఆయిల్ పాళ్లతో దీన్ని ముడిపెట్టడం అంత తేలిక కాదు.

పిస్టన్ నెత్తి మీద గుంటలు పడినా, చిల్లు పడినా అది లోపల పెట్రోల్ అదుపు తప్పి పేలడం వల్ల. బేరింగ్‌ల మీద తుప్పు మచ్చలు ఉంటే పెట్రోల్‌తో పాటు నీళ్లు లోపలికి వెళ్లినట్టు.

సైలెన్సర్ వైపు గీతల్లోనే అసలు చిక్కు

ఎక్కువ గొడవలు వచ్చేది మాత్రం సైలెన్సర్ వైపు మాత్రమే గీతలు ఉన్నప్పుడు. పిస్టన్‌లో అన్నిటికంటే వేడెక్కేది ఆ పక్కే. ఇంజిన్‌లోకి పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ వెళ్తే వేడి పెరుగుతుంది. పెట్రోల్ తగ్గిందంటే దాంతో వచ్చే ఆయిలూ తగ్గినట్టే. అప్పుడు అల్యూమినియం మెత్తబడి సిలిండర్ గోడకు అంటుకుంటుంది.

దీన్ని చూడగానే ‘ఆయిల్ తక్కువ’ అనేయడం సులువు. కానీ ఇదే గుర్తు రావడానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. కార్బురేటర్ స్క్రూను ఎవరో తిప్పి ఉండొచ్చు. పెట్రోల్ ఫిల్టర్ పూడి ఉండొచ్చు. గాలి తగిలే రెక్కల మధ్య పొట్టు నిండి ఉండొచ్చు. ఇవన్నీ వాడేవాళ్ల ఖాతాలోకే వస్తాయి. కానీ కార్బురేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు బూట్ పగిలినా, క్రాంక్ షాఫ్ట్ చివర్లలోని సీల్ లీకైనా, గాస్కెట్ సరిగా కూర్చోకపోయినా బయటి గాలి దొంగచాటుగా లోపలికి వెళ్తుంది. అప్పుడు కూడా పిస్టన్ మీద పడే గీతలు అచ్చం ఇలాగే ఉంటాయి. ఆరు నెలల మెషిన్‌లో సీల్ లీకైతే దానికి కూలి మనిషి ఎందుకు డబ్బు కట్టాలి?

కాబట్టి కంటితో చూసి తీర్పు చెప్పడం కుదరదు. దీనికి ఒక పరీక్ష ఉంది. గాలి లోపలికి, బయటికి వెళ్లే దారులు మూసి, చిన్న పంపుతో ఇంజిన్ లోపల దాదాపు అర బార్, అంటే 7 పీఎస్‌ఐ ప్రెషర్ పెట్టి నిలుస్తుందో లేదో చూస్తారు. తర్వాత అదే విధంగా లోపలి గాలి లాగేసి వాక్యూమ్ నిలుస్తుందో చూస్తారు. ముల్లు పడిపోతే లీకు ఉన్నట్టు. సబ్బు నీళ్లు పూస్తే బుడగలు ఎక్కడ వస్తున్నాయో కూడా తెలుస్తుంది. శిక్షణ ఉన్న సర్వీస్ సెంటర్‌కు ఇది మామూలు పనే.

అందుకే వారంటీ రాదన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: ‘ప్రెషర్, వాక్యూమ్ టెస్ట్ చేశారా? రిజల్ట్ ఎంత వచ్చింది? రాసిస్తారా?’

గాలి లీకుకు ముందస్తు గుర్తు కూడా ఒకటుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజిన్ స్పీడ్ వెంటనే తగ్గకుండా కాసేపు కేకలు పెడుతుంది. అలా జరిగితే పని అక్కడే ఆపాలి. ఆ రోజు కూలి పోతుందని అలాగే నడిపిస్తే ఇంజిన్ మొత్తం పోతుంది.

పెట్రోల్ సంగతి

ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. దీన్నే ఇ-20 అంటున్నారు. ఇథనాల్ మండడానికి పెట్రోల్ కంటే తక్కువ గాలి చాలు. కార్బురేటర్ పాత సెట్టింగ్‌లోనే ఉంటే ఇంజిన్‌కు గాలి పాలు ఎక్కువైనట్టు అవుతుంది, వేడి కాస్త పెరుగుతుంది. పైగా ఇథనాల్ గాల్లోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత వదులైన డబ్బాలో నెలల తరబడి ఉంచితే నీళ్లూ ఇథనాల్ కలిసి అడుగుకు చేరతాయి. రంపం ట్యాంకులో పెట్రోల్ పీల్చే ఫిల్టర్ ఉండేదీ అడుగునే.

కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో 10 శాతం ఇథనాల్ వరకే అని రాసి ఉంటుంది, కొన్నింటిలో అంతకంటే ఎక్కువకూ అనుమతి ఉంటుంది. కొనేటప్పుడే ఆ పేజీ చూసుకోవాలి. మాన్యువల్‌లో 10 శాతమే ఉంటే ‘బంకులో దొరికేది ఇ-20 కదా, మరి ఏం పోయాలి?’ అని అమ్మేవాళ్లను అడిగి, జవాబు వాట్సాప్‌లోనైనా రాయించుకోవాలి. కలిపిన పెట్రోల్‌ను నెల దాటి దాచకూడదు. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి.

మెషిన్ అప్పగించే ముందు చేయాల్సినవి

వారంటీ ఉన్నప్పుడు ఇంజిన్‌ను ఇంట్లో గానీ, గల్లీ మెకానిక్ దగ్గర గానీ విప్పించకూడదు. ‘బయట విప్పారు’ అనే ఒక్క మాటతో కేసు పోతుంది. బయటి నుంచి చేసే పరీక్షలతో ఆగి, మిగతాది సర్వీస్ సెంటర్‌లోనే, వీలైతే కళ్ల ముందే విప్పించాలి.

అప్పగించే ముందు సీరియల్ నంబర్, ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ స్క్రూలు, మెషిన్ నాలుగు పక్కలా ఫోన్‌లో ఫోటోలు తీసుకోవాలి. కలిపిన పెట్రోల్‌ను పారబోయకుండా అదే డబ్బాలో, మూత బిగించి, తేదీ రాసి, ఇంట్లో వంటగదికి దూరంగా ఉంచాలి. ఆయిల్ కలిపారా లేదా అన్న వాదన వస్తే అదే జవాబు. 2టీ ఆయిల్ కొన్న బిల్లు ఉంటే ఇంకా మంచిది. ట్యాంకు ఖాళీ చేసి తీసుకెళ్లాలి.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డ్ లేకుండా మెషిన్ వదలకూడదు. అందులో సీరియల్ నంబర్, తేదీ, ‘పని చేస్తుండగా ఆగింది’ లాంటి అసలు ఫిర్యాదు ఉండాలి. ‘ఆయిల్ లేక సీజ్’ అని ముందే రాసిన కాగితం మీద సంతకం పెట్టకూడదు. విప్పిన తర్వాత పిస్టన్ రెండు పక్కల ఫోటోలు అడగాలి. డబ్బు కట్టి రిపేరు చేయించుకోవాల్సి వచ్చినా పాత పిస్టన్, సిలిండర్, సీల్‌లు వెనక్కి తీసుకోవాలి. అవి తుక్కు కాదు, సాక్ష్యం.

చైన్, బార్, ప్లగ్, ఫిల్టర్, తాడు లాంటి అరిగిపోయే వాటికి వారంటీ సాధారణంగా ఉండదు. వాటి గురించి గొడవ పడి అసలు కేసు పాడు చేసుకోవద్దు.

‘కమర్షియల్ వాడకం’ అంటే?

ఆయిల్ మాట తర్వాత వినిపించే రెండో మాట ఇది: ‘మీరు కూలికి వాడారు, ఇది ఇంటి వాడకానికి ఇచ్చిన వారంటీ.’ కొన్ని కంపెనీలు కూలి పనికి వాడే మెషిన్‌కు తక్కువ నెలల వారంటీ ఇస్తాయి. ఈ షరతు కార్డు మీద ఉందో లేదో కొనే రోజే చూసుకోవాలి. రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా ఏ పని కోసం కొంటున్నారో దాచకుండా చెప్పి, దానికి వర్తించే వారంటీని బిల్లు మీద రాయించుకోవడం మేలు.

అయితే వారంటీ కార్డు షరతు వేరు, చట్టం వేరు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్లు వినియోగదారులు కారు. కానీ అదే సెక్షన్ 2(7) వివరణలో, స్వయం ఉపాధితో తన బతుకుతెరువు కోసమే కొని తానే వాడుకుంటే అది ‘వ్యాపార అవసరం’ కిందికి రాదని స్పష్టంగా ఉంది. సుప్రీంకోర్టు కూడా 1995లో లక్ష్మీ ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో ఈ తేడాను వివరించింది. అంటే సొంత రంపంతో తానే చెట్లు కొట్టి ఇల్లు నడుపుకునే మనిషి కమిషన్ ముందు వినియోగదారుడిగానే నిలబడొచ్చు. పది రంపాలు, పదిమంది కూలీలతో కాంట్రాక్టు నడిపేవాళ్ల సంగతి వేరు.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

మొదట కంపెనీకి ఈమెయిల్ గానీ రిజిస్టర్డ్ పోస్ట్ గానీ పంపాలి. కొన్న తేదీ, సీరియల్ నంబర్, సర్వీస్ సెంటర్ చెప్పిన కారణం, ప్రెషర్ టెస్ట్ రిపోర్ట్ కావాలన్న డిమాండ్, ఈ నాలుగూ ఉంటే చాలు. ఆన్‌లైన్‌లో కొన్నట్టయితే 2020 ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ సంస్థ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. చాలా కేసులు కంపెనీకి ఇక్కడి నుంచి కబురు వెళ్లడంతోనే తేలిపోవచ్చు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 50 లక్షల రూపాయల వరకు కొన్న వస్తువుల ఫిర్యాదులు అక్కడికే వెళ్తాయి. వస్తువు ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. కొన్న ఊళ్లోనే కేసు వేయాలని లేదు, ఫిర్యాదుదారు ఉండే చోట లేదా పని చేసే చోట వేసుకోవచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. వకీలు తప్పనిసరి కాదు. సమస్య వచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి.

పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకుంటే కమిషన్ వస్తువును ల్యాబ్‌కు పంపొచ్చు. దాని ఖర్చు ముందుగా ఫిర్యాదుదారు కట్టాల్సి ఉంటుంది. పాత పిస్టన్ పదిలంగా ఉంచమనేది ఇందుకే. టెస్ట్ అవసరం లేని కేసును మూడు నెలల్లో, అవసరమైన కేసును ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం చెప్తోంది. ఆచరణలో ఆలస్యం జరగొచ్చు. అందుకే రంపం ధర, తిరిగే రోజుల కూలి రెండూ లెక్కేసుకుని, హెల్ప్‌లైన్ దగ్గరే రాజీ కుదిరితే తీసుకోవడం తప్పేం కాదు.

తప్పు మనదే అయితే?

పిస్టన్ చుట్టూ గీతలు ఉండి, ఆయిల్ కలపడం మర్చిపోయిన మాట నిజమైతే గొడవ పెంచకుండా రిపేరు లెక్క చూసుకోవాలి. సిలిండర్ గోడకు అల్యూమినియం అంటుకుని ఉంటే, దాన్ని శుభ్రం చేశాక గోరుతో గీసి చూడాలి. గోరుకు ఏమీ తగలకపోతే గోడ మీది గట్టి పూత బతికి ఉన్నట్టే, పిస్టన్, రింగులు మారిస్తే సరిపోవచ్చు. గోరు ఆగితే సిలిండర్ కూడా మార్చాలి. మొత్తం ఖర్చు కొత్త మెషిన్ ధరలో సగం దాటుతుంటే ఆగి ఆలోచించాలి. ఏది చేసినా అసలు కారణం సరిచేయకుండా పిస్టన్ మారిస్తే కొత్తదీ అదే దారిన పోతుంది. సీల్ లీకు అలాగే ఉంచి రెండోసారి బిల్లు కట్టడం కంటే నష్టం ఇంకొకటి లేదు.

గాలివానల సీజన్‌లో చెట్లు కొట్టేవాళ్లకు చేతినిండా పని దొరికేది కొద్ది వారాలే. ఆ రోజుల్లో రంపం సర్వీస్ సెంటర్ షెల్ఫ్‌లో పడి ఉంటే ఇంట్లో పొయ్యికి ఇబ్బందే. ‘వారంటీ రాదు’ అన్నప్పుడు కోపం చూపిస్తే లాభం లేదు. పిస్టన్ ఏ వైపు గీసుకుపోయింది, టెస్ట్ రిజల్ట్ ఎక్కడుంది అని రెండు ప్రశ్నలు నెమ్మదిగా అడిగి, జవాబు కాగితం మీద తీసుకుంటే సగం పని అయినట్టే.